రాదారి చీటీకి పెట్టిన వత్తు

కచేరీలో కొత్తగా కుదిరిన కుర్రవాళ్ళు నా అరుగు మీదికి వచ్చినప్పుడల్లా, "తాతా, నీ కొలువులో పెద్ద సంగతి ఏదైనా చెప్పు" అని అడుగుతారు. పులి గురించో, పాళెగాళ్ళ గురించో చెబుతానని వాళ్ళ ఆశ. పులి నాకెప్పుడూ ఎదురు పడలేదు. పాళెగాళ్ళ గొడవలు నేను పుట్టకముందే చల్లారాయి. నా కొలువులో జరిగిన పెద్ద సంగతి ఏమిటంటే, సర్కారు చీటీ దొంగ చీటీ అయిపోయింది, దొంగ చీటీ సర్కారు చీటీ అయింది, మధ్యలో మా దొర ఒక ముసలమ్మ బుట్ట నెత్తిన పెట్టుకొని పాలఘాటు కనుమ దాటాడు. నవ్వకండి. నేను ఆయన వెనకాలే చాప మోసుకొంటూ నడిచాను.

ఇప్పుడా కనుమలో రైలు పోతోంది. టిక్కెట్టు ఉంటే చాలు, నువ్వెవరివని అడిగే నాథుడు లేడు. మా కాలం కుంఫిణీ కాలం. పొగాకు వ్యాపారం గుత్తగా కుంఫిణీ చేతిలో ఉండేది. మా కోయంబత్తూరు సీమలో పండిన పొగాకు దొంగచాటుగా మలయాళ దేశానికి పోకూడదని కనుమ మొదట్లో ఒక చౌకీ పెట్టారు. అది దాటాలంటే రాదారి చీటీ కావాలి. ఎవరు, ఎక్కడికి, ఏ పని మీద, వెంట ఏముంది, ఇవన్నీ అందులో ఉండాలి. ఆ చీటీలు రాసే రాయసాన్ని నేను. ఏ కచేరీ అన్నది మాత్రం అడగవద్దు. అక్కడి వాళ్ళ మనుమలు ఇంకా కొలువుల్లో ఉన్నారు.

మావి ఏనాడో దండు వెంట మదురై వచ్చి, అక్కణ్ణుంచి ఈ పక్కకు జరిగిన తెలుగు కుటుంబాలు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. కచేరీలోనూ అంతే. కానీ కలెక్టరు కింద పనిచేసే మా చిన్న దొర వచ్చాక అంతా తెలుగులోనే జరగాలన్నాడు. ఆయన చెన్నపట్నంలో పండితుల దగ్గర తెలుగు చదువుకొని వచ్చినవాడు. వచ్చిన నాడే నీళ్ళు తోడేవాణ్ణి పిలిచి, "ఓయీ, శీతలజలము ఎచ్చట లభించును?" అని అడిగితే, వాడు దొర ఏదో మంత్రం వేస్తున్నాడని చేద వదిలేసి పరుగెత్తాడు. మంచివాడు దొర. వయసు చిన్నది, ముక్కు మీద తోలు ఎప్పుడూ ఎండకు లేచి ఉండేది, మనసులో ఎప్పుడూ ఏదో ఒకటి బాగు చేయాలని ఉండేది.

ఆయన కంటికి మొదట ఆనింది దొంగ చీటీలు. ఎవరో అచ్చం మా చీటీలలాగే రాసి అమ్ముతున్నారు. వాటితో పొగాకు బస్తాలు హాయిగా కనుమ దాటుతున్నాయి. దొర నన్నూ, శిరస్తాదారు గారినీ పిలిచాడు. శిరస్తాదారు గారంటే కచేరీలో మా వాళ్ళందరికీ పెద్ద. దొర ఏది చెప్పినా "చిత్తం" అనడం, తర్వాత నా వైపు తిరిగి నిట్టూర్చడం ఆయన పద్ధతి.

"ఇది మిక్కిలి శోచనీయము. కృత్రిమ పత్రములను అరికట్టవలయును" అన్నాడు దొర.

"చిత్తం" అన్నారు శిరస్తాదారు గారు.

అలా కొత్త చీటీ పుట్టింది. అడుగున ఎర్రలక్క ముద్ర. అది ఎండకు కరిగి, మడిచిన చీటీ మళ్ళీ విప్పితే చిరిగిపోయేది. మధ్యలో మనిషి ఆనవాళ్ళు: ముఖం, కన్నులు, నడక. అన్నిటికీ మించి ఒక రహస్యం. రాదారి అన్న మాటలో 'ద' కింద కావాలనే ఒక వత్తు పెట్టి 'రాధారి' అని తప్పు రాయాలి. దొంగ రాత రాసేవాడు అది పొరపాటనుకొని సరిచేసి రాస్తాడు. అప్పుడు వత్తు లేని చీటీ దొంగది, వత్తు ఉన్నది మనది. దొర ఈ ఉపాయం చెప్పి, పిల్లవాడిలా మా ముఖాలు చూశాడు. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటగానే అనిపించింది.

ఇక రహస్యాన్ని చౌకీ జమేదారుకు చేరవేయాలి. కాగితం మీద పెడితే బయట పడుతుందని, దొర మా డవాలీ బంట్రోతును పిలిచి చెవిలో చెప్పాడు. వాడు పోయి జమేదారు చెవిలో చెప్పాలి. మూడో చెవికి తెలియకూడదు. బంట్రోతు దేవుడి పటం ముందు ప్రమాణం చేసి, కొత్త చీటీ పట్టుకొని బయలుదేరాడు.

వెళ్ళినవాడు తిరిగి రాలేదు. పాలఘాటులో వాడి అత్తవారిల్లు ఉంది, అక్కడ తిష్ట వేసి ఉంటాడని శిరస్తాదారు గారు తేల్చారు.

తర్వాతి వారం నుంచి జనం కచేరీకి తిరిగి రాసాగారు. మా చీటీలు చౌకీలో చెల్లడం లేదట. నేత బట్టల వర్తకులు వచ్చి అరిచారు. ఒక పెళ్ళివారు వరుడితో సహా వచ్చి కచేరీ ముందు కూర్చున్నారు. వాళ్ళందరిలోనూ నాకు బాగా గుర్తున్నది అన్నూరు నుంచి వచ్చిన ఒక అవ్వ. సన్నగా, నిటారుగా ఉండేది. ఆమె కూతుర్ని కనుమ అవతల ఊళ్ళో ఇచ్చారు. కాన్పు దగ్గరపడింది. మొదటి కాన్పులో పిల్ల చచ్చి బతికిందట.

"ఏం తంబీ, నువ్వు రాసిచ్చిన చీటీయే గదా ఇది?" అంది నా బల్ల మీద చీటీ పరిచి. "చౌకీ మనిషి దీన్ని చూసి నగినాడు. ఇది దొంగది, పో అవ్వా అనేసినాడు. అంత దూరము నడిచి పోతిని, అంత దూరము నడిచి వస్తిని. నా బిడ్డ ఆడ ఒంటిగా ఉండాది."

నేను చీటీ తిప్పి తిప్పి చూశాను. నా చేతిరాతే. వత్తు ఉంది. లక్క ఉంది.

"చీటీ సరిగ్గానే ఉంది అవ్వా" అన్నాను.

"శరిగా ఉంటే పోనీయలేదేమి?"

శిరస్తాదారు గారి వైపు చూశాను. ఆయన కళ్ళజోడు సవరించుకొని, "చీటీ ఉత్తరువు ప్రకారం ఉంది. ఉత్తరువు ప్రకారం ఉన్న చీటీకి మనం ఇంకేమీ చేయలేం" అన్నారు.

అవ్వ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. "పావం, మీరు మాత్రము ఏం చేస్తారు" అని జాలిపడి వెళ్ళిపోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

సంగతి విన్న దొర, తానే స్వయంగా చౌకీకి వెళ్ళి చూస్తానన్నాడు. అదీ అందరిలాగా, చేతిలో చీటీతో. చట్టం అందరికీ ఒకటే అని ఆయన నమ్మకం. అంతకు కొన్నాళ్ళ ముందే పటాలం నుంచి పారిపోయిన ఒక తెల్ల సోల్జరు, తాను దొరనని చెప్పి చౌకీలో కోడికూర తిని మరీ దాటిపోయాడు. అది తెలిసి మా దొర ఒక ఉత్తరువు పంపాడు: ఎంతటివారైనా సరే, తెల్లవారైనా సరే, సరైన చీటీ లేనిదే విడవరాదు. అది రాసింది నేనే.

దొర చీటీ రాయడానికి కూర్చున్నాను. ముఖం అన్నచోట 'ఎర్రన, తోలు లేచినది' అని రాయబోతే శిరస్తాదారు గారు నా చేయి పట్టుకొన్నారు.

"కొలువు చేయాలని ఉందా లేదా నీకు? దొరవారి ముఖాన్ని అలా రాస్తావా? రాసుకో. పూర్ణచంద్రుని వంటి ముఖము. కమలముల వంటి కన్నులు. గంభీరమైన నడక."

రాశాను. నా చీటీలో మాత్రం ఉన్నదున్నట్టు రాసుకొన్నాను: పొట్టి, నలుపు, ముందు పన్ను విరిగినది.

దొర గుర్రం మీద, నేను తట్టువ అనే పొట్టి గుర్రం మీద బయలుదేరాం. అంత దూరం స్వారీ చేసి దొర తొడలు ఒరుసుకొని పోయాయి. చౌకీ దగ్గర దిగేటప్పటికి ఆయన కాళ్ళు రెండు దిక్కులకు పోతున్నాయి.

జమేదారు మా తెలుగువాడే. పెద్ద మీసాలు. తుడియలూరులో తిన్నె బడిలో, అంటే అరుగు మీది బడిలో, చదువుకొన్నానని ప్రతివాడికీ చెప్పుకొనేవాడు. రెండు చేతులతో సలాము చేసి, "చీటీ సామీ" అన్నాడు. దొర ముఖం వెలిగింది. తాను పెట్టిన కట్టుదిట్టం పనిచేయడం కళ్ళారా చూస్తున్నాడు కదా. జేబులోంచి చీటీ తీసి ఇచ్చాడు.

జమేదారు దాన్ని ఎండకు పట్టి, కూడబలుక్కొంటూ చదివాడు.

"పూర్ణచంద్రుని వంటి ముఖము అని ఉండాది." తలెత్తి చూశాడు. "ఈయన ముక్కు తోలు ఊడి ఉండాదే? కమలముల వంటి కన్నులంట. ఇవి పిల్లి కన్నులు గదా!"

దొర నా వైపు తిరిగాడు. అంతవరకు ఆయన ఆ చీటీ చదవలేదు. "రాయసమా, ఈ కమలములెక్కడివి?"

"శిరస్తాదారు గారివి దొరా" అన్నాను.

"గంభీరమైన నడక" అని చదివి, జమేదారు వినయంగా, "సామీ కొంచెం నడిచి చూపిస్తారా?" అన్నాడు.

మరొకరైతే కొరడా తీసేవారు. మా దొర నడిచాడు. చట్టం చట్టమే. చౌకీ వాకిట్లో ఆ చివర నుంచి ఈ చివరకు, కాళ్ళు ఎడంగా పెట్టి, ముఖం బిగబట్టి, కొత్త దూడలా నడిచాడు. బంట్లు గడ్డాలు పట్టుకొని శ్రద్ధగా చూశారు.

"లేదు సామీ" అన్నాడు జమేదారు బాధగా. "కుంటుతా ఉండారు. అది కూడా పోనీ. ఇదేమి, రాధారి? 'ద'కు వత్తు పెట్టినారే. మా అయ్యవారైతే ఇట్లా రాసినోడి వేళ్ళు విరగ్గొట్టి ఉంటారు. సర్కారువారు ఇట్లా రాస్తారా?"

దొర ఒక అడుగు దగ్గరకు వేసి, గొంతు తగ్గించాడు. "అదియే రహస్యము. ఆ వత్తు ఉన్నదే సత్యమైన పత్రము. చెవి యిమ్ము, చెప్పెదను."

జమేదారు చటుక్కున వెనక్కి జరిగి చెవులు మూసుకొన్నాడు. "ఒరే, వీళ్ళు కూడా అదే పాట పాడతా ఉండారు! లోపలున్నోడి ముఠాయే. పట్టుకోండి!"

పట్టుకొన్న పొగాకు నిలవ ఉంచే కొట్టులో మమ్మల్ని పెట్టి గొళ్ళెం వేశారు. మర్యాదగానే పెట్టారు. దొరకు కూర్చోడానికి ఒక బస్తా దులిపారు. దానితో లేచిన ఘాటుకు ఇద్దరం ఆగకుండా తుమ్మసాగాం. చీకటి మూలలోంచి మూడో తుమ్ము వినిపించింది. చూస్తే మా బంట్రోతు.

"దొరా!" అని భోరుమన్నాడు. "చెవి ఇవ్వనన్నాడు దొరా వాడు! కొత్త చీటీ చూసి దొంగదన్నాడు. రహస్యం చెబుతాను, చెవి ఇలా పెట్టు అంటే, కొరుకుతానని భయపడ్డాడు. బయటికి చెబుదామంటే ప్రమాణం చేసి ఉన్నాను. చివరకు తట్టుకోలేక అరిచి చెప్పాను. అప్పుడేమో సర్కారు కావాలని తప్పు రాస్తుందా, పిచ్చివాడా అన్నాడు."

దొర తుమ్మి, "నీవు నిర్దోషివి" అన్నాడు.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. మేమెక్కడ ఉన్నామో శిరస్తాదారు గారికి తెలుసు, కానీ ఉత్తరువు లేనిదే ఆయన కుర్చీ లోంచి లేవరు. ఉత్తరువు ఇవ్వాల్సిన దొర నా పక్కన తుమ్ముతున్నాడు.

మధ్యాహ్నం ఎండ వాలుతుండగా బయట ఒక గొంతు వినిపించింది. కటకటాల్లోంచి చూస్తే అన్నూరు అవ్వ. నెత్తిన బుట్ట, చంకలో చాప, చేతిలో మూట. జమేదారు ఆమె చీటీ చదువుతున్నాడు. చదువుతుంటే అతని మీసాలు విచ్చుకొన్నాయి.

"అక్షరమంటే ఇది! ముత్యాలు గుచ్చినట్టు ఉండాది. పో అవ్వా, పో. ఒగ నిమిషము. ఇద్దరు మోతకూలీలు అని ఉండాదే, వాళ్ళు యాడ?"

"దారిలో కల్లు దుకాణము చూసి నిలిచిపోయినారు నాయనా. పీడ పోయె."

"చీటీలో ఉండేవాళ్ళు లేకపోతే ఎట్లా? ఉత్తరువు ఒప్పుకోదే."

అంతవరకు నిటారుగా ఉన్న అవ్వ నేల మీద కూలబడింది. "నా బిడ్డకు నొప్పులు వచ్చే దినము నాయనా" అంది. అలా కూర్చొనే తల తిప్పింది. కటకటాల్లో నా ముఖం ఆమెకు కనిపించింది. వెనక దొర ముఖం కూడా.

మా ఇద్దరినీ చూసి, లేచి నిలబడింది.

"అదో, లోపల కూర్చొని ఉండారు గదా నా కూలీలు!"

జమేదారు మమ్మల్ని చూశాడు. చీటీ చూశాడు. "వీళ్ళా? మరి వీళ్ళేమిటికి దొంగ చీటీలు చూపించినారు?"

"తిక్కవాళ్ళు తంబీ. కూలికి దొరికేవాళ్ళు ఇట్లాంటోళ్ళే" అంది అవ్వ. "ఒరే, రండిరా. పొద్దు పోతా ఉండాది."

గొళ్ళెం తీశారు. బంట్రోతు కూడా రాబోతే జమేదారు ఆపాడు. చీటీలో ఇద్దరే ఉన్నారు. గుర్రం గురించి కూడా అందులో లేదు కాబట్టి అది, నా తట్టువ చౌకీలోనే ఉండిపోయాయి. దొర బుట్ట ఎత్తుకొన్నాడు. టోపీ మీద నిలవలేదని టోపీ నా చేతికిచ్చి వట్టి నెత్తిన పెట్టుకొన్నాడు. నేను చాప, మూట అందుకొన్నాను. మలుపు తిరిగాక బుట్ట ఇమ్మని అడిగాను.

"వలదు" అన్నాడు దొర. "ఈ చీటి ప్రకారము నేను మోతకాడను."

అవ్వ కూడా ఒప్పుకోలేదు. "ఇంటిదాకా రావల్ల. లేకుంటే ఆ చౌకీ పిల్లోడితో నేను అబద్ధము చెప్పినట్టు అయిపోతుంది" అంది.

నడుస్తూ ఆ చీటీని మాకు చూపించి, దాని సంగతి చెప్పింది. తుడియలూరులో ఒక అయ్యవారు ఉన్నారట. తిన్నె మీద బడి చెబుతారు, జాతకాలు రాస్తారు, రాదారి చీటీలు కూడా రాస్తారు. కచేరీ చీటీ చెల్లక తిరిగి వచ్చినవాళ్ళంతా ఆయన వాకిట్లో ఉన్నారట. "నీ పని చూస్తే నాకు పావమనిపిచ్చె తంబీ. దినమంతా రాస్తావు, ఎవరూ దాటరు."

మేము ఆ ఊరు చేరేసరికి ఇంట్లోంచి కేకలు వినిపిస్తున్నాయి. అవ్వ దొర నెత్తి మీది బుట్ట లాక్కొని లోపలికి పరుగెత్తింది. అందులో పాత గుడ్డలు, ఆముదం, తాను దంచి తెచ్చిన కాన్పు మందులు. మేము అరుగు మీద కూర్చొన్నాం. ఎవరో మజ్జిగ ఇచ్చారు. దొర తాగలేదు. లోపలి కేకలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో నేను పడ్డ యాతన నా సొంత పిల్లలు పుట్టినప్పుడు కూడా పడలేదు. తర్వాత సన్నటి ఏడుపు వినబడింది.

అవ్వ బయటికి వచ్చింది. చేతులు తుడుచుకొంటూ, "ఆడబిడ్డ. ఇద్దరూ ఉండారు" అంది. "మంత్రసాని చేయి దాటిపోయి ఉండె. ఇంకా కొంచెం ఆలస్యమయి ఉంటే..." అని ఆపేసి, మజ్జిగ చెంబు చూసి, "తాగు నాయనా, నడిచి వస్తివి" అంది దొరతో.

దొర తాగాడు. చెంబు కింద పెట్టి నాతో, "నేను చేసిన చీటితో ఈమె రాకపోయి ఉండును గదా" అన్నాడు.

"అవును దొరా."



మర్నాడు తిరుగు ప్రయాణంలో చౌకీ చేరాం. జమేదారు ఎదురొచ్చి, వంగి సలాము చేసి, గుర్రాన్ని తెప్పించాడు. దానికి ఉలవలు కూడా పెట్టి ఉంచాడు.

"వచ్చేవాళ్ళకు చీటీ అక్కరలేదు దొరా" అన్నాడు.

'దొరా' అన్న మాటకు ఇద్దరం ఆగిపోయాం.

"నేను దొరనని నీకు తెలియునా?"

"గుర్రము దిగేటప్పుడే తెలిసె దొరా."

"తెలిసియు ఏల ఆపితివి?"

"ఎంతటివారైనా సరే అని తమరి ఉత్తరువు గదా."

"మఱి కూలివానిగా ఏల విడిచితివి?"

"ఆ చీటీ శరిగా ఉండె దొరా."

జమేదారు కొలువు ఊడిందనే అనుకొన్నాను. దొర అతని మీసాల వంక చూసి, కుడి చేయి చాచాడు. తెల్లవాళ్ళు అలా చేతులు కలుపుకొంటారని జమేదారుకు తెలియదు. తనను ఏదో అడుగుతున్నాడనుకొని, ముందునాడు లాక్కొన్న పూర్ణచంద్రుడి చీటీని ఆ చేతిలో పెట్టాడు.

బంట్రోతును విడిపించి, పని పూర్తి చేయమన్నాడు దొర. వాడు వెళ్ళి జమేదారు చెవిలో రహస్యం చెప్పాడు. ఈసారి దొర ఎదుట నిలబడి ఉన్నాడు కనుక జమేదారు చెవి ఇచ్చాడు, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకొన్నాడు.

అప్పటినుంచి చౌకీలో వత్తు ఉన్న చీటీలే చెల్లాయి. మేము గెలిచామనుకొన్నాం. ఆ గెలుపు ఎంతో కాలం నిలవలేదు. ఒక ఉదయం తెల్లని పంచె, భుజాన కండువా, చేతిలో అర్జీతో ఒక పెద్దమనిషి కచేరీకి వచ్చాడు. వచ్చింది తుడియలూరు అయ్యవారు. అర్జీ నా చేతికి రాగానే ఆ అక్షరాలు గుర్తుపట్టాను. శిరస్తాదారు గారు కూడా చూసి, నిట్టూర్చి, దాన్ని దొర బల్ల మీద పెట్టారు.

"మహాప్రభో" అన్నారు అయ్యవారు. "నేను పిల్లలకు అక్షరాలు దిద్దించేవాణ్ణి. ఈ మధ్య సర్కారువారు రాదారి అన్న మాటకు వత్తు పెడుతున్నారు. అది చూసి ఊరంతా వత్తు పెడుతోంది. నా బడి పిల్లలు కూడా పెడుతున్నారు. కొట్టబోతే, 'మీరు కూడా అట్లనే రాస్తారు గదా అయ్యవారూ' అంటున్నారు. సరస్వతి ముందు నా ముఖం చెల్లడం లేదు. తమరు దయచేసి ఆ మాటను సరిగ్గా రాయించాలి."

దొర అర్జీని ఎండ పడే చోటికి జరిపి చూశాడు.

"ఈ వ్రాలు నేనెరుగుదును. కనుమ యొద్ద చూచితిని" అన్నాడు.

దొంగ చీటీ రాసినవాడికి సంకెళ్ళని నేనే ఎన్నోసార్లు ప్రకటన రాశాను. అయ్యవారు కండువా తీసి నడుముకు చుట్టుకొని, పారిపోకుండా నిలబడ్డారు.

దొర నా కలం అడిగి తీసుకొన్నాడు. బల్ల మీదున్న మాదిరి చీటీలో 'ధ' కింది వత్తును తన చేత్తో కొట్టివేశాడు. ఆనవాళ్ళు రాసే వరుసలను కూడా కొట్టివేశాడు. లక్క ముద్ర అక్కరలేదన్నాడు. చివరకు పేరు, ఊరు, పని, మూట మిగిలాయి.

"ఇకమీదట మా చీటితోనే జనులు దాటుదురు. కావున నీవు వ్రాయవలసిన పని లేదు. పొమ్ము" అన్నాడు.

శిరస్తాదారు గారు జీవితంలో మొదటిసారి, అడగకుండానే "చిత్తం" అన్నారు.

అయ్యవారిని వాకిలి దాకా సాగనంపమని నన్ను పంపారు. ఆయన మెట్లు దిగుతూ, ఊపిరి కుదుటపడ్డాక, నా భుజం మీద చేయి వేశారు.

"చీటీలు రాసేది నువ్వేనా నాయనా?"

"అవునండీ."

"ఏమీ అనుకోవద్దు. నీ అక్షరము కొంచెం గుండ్రంగా చేసుకో. ఇన్నాళ్ళూ దాన్ని చూసి రాసి రాసి నా చేతి వాటం చెడిపోయింది."

ఆ సాయంత్రమే ఇంట్లో పలక తీసి, ఓనమాల దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.